ఉపకరణ వివరణము – గుణనిర్ణయ చరిత్ర

ఒక పనిముట్టును కంటితో చూడనివానికి, చేతితో పట్టనివానికి దానిని మాటలతో తెలియజెప్పుట యెట్లు? చెప్పిన మాటలు సరిపోయినవో లేదో తేల్చుట యెట్లు? మొదటి ప్రశ్నను గూర్చి నిఘంటుకారులును విజ్ఞానసర్వస్వ కర్తలును చిరకాలముగా ఆలోచించుచునే యున్నారు. రెండవదానిని పట్టించుకొన్నవారు తక్కువ. వివరణము చక్కని భాషలో నున్నచో మంచిదనియు, పెద్దలు వ్రాసినచో ప్రమాణమనియు తలచి ఊరకుండుట లోకమున వాడుక. 2023వ సంవత్సరము మొదలుకొని కృత్రిమమేధా రంగమున ఈ రెండవ ప్రశ్నయే ముందునకు వచ్చి నిలిచినది. అచట వివరణమును చదువునది మనుష్యుడు కాడు, యంత్రము. చదివి ఊరకుండదు, చదివిన తోడనే ఆ ఉపకరణముతో పనికి పూనుకొనును. పని చెడినప్పుడు దోషము వివరణముననే యున్నదేమో యని వెదుకవలసి వచ్చినది. ఈ వెదుకులాటకు పూర్వచరిత్ర కలదనియు, అందు మన తెలుగునకు కొంత పాలు కలదనియు, దీని ఫలితము తెలుగునాటికి వెలుపల తరతరములుగా స్థిరపడిన మనవారికి ఇతరులకంటె ఎక్కువగా తగులుననియు చూపుట ఈ వ్యాసోద్దేశము.

ముందుగా పరిభాష కొంత. కృత్రిమమేధలో ఏజెంటు అనగా మనము చెప్పిన పనిని తానే అంచెలుగా విభజించుకొని, ఒక్కొక్క అంచెకు తగిన ఉపకరణమును ఎన్నుకొని నడపు వ్యవస్థ. దీనికి మూలము భాషా నమూనా. అనగా అపారమైన వ్రాతను చదివి, తరువాత రావలసిన మాటను ఊహింప నేర్చిన యంత్రము. అది తనంత తాను రైలు టికెట్టు కొనలేదు, బ్యాంకు ఖాతా చూడలేదు, నేటి వర్షపాతము తెలిసికొనలేదు. ఆ పనులను చేయు వేరు వేరు కంప్యూటరు ప్రోగ్రాములే దానికి ఉపకరణములు. ప్రతి ఉపకరణమునకు ఒక పేరు, కొన్ని వాక్యముల వివరణము, దానికి అందింపవలసిన తేదీ, ఊరు, ఖాతా సంఖ్య వంటి వివరముల పట్టిక ఉండును. సాధారణముగా ఏజెంటునకు కనబడునది ఇంతే. ఉపకరణము లోపల నేమి జరుగునో దానికి తెలియదు. కొట్టములో నాగలిని చూచి పోల్చుకొను పాలేరు వంటిది కాదది. చీకటికొట్టములో పనిముట్లకు కట్టిన చీటీలు మాత్రము చదువుకొని చేయి చాచువాని వంటిది. చీటీలో మాట తప్పినచో నాగలికి మారు గునపము చేతికి వచ్చును.

ఇట్టి చీటీలు వ్రాయుటలో మన నిఘంటుకారుల పద్ధతి యెట్టిదో చూతము. సంస్కృత కోశముల నుండి వచ్చిన సంప్రదాయమున వస్తువును దాని జాతితో చెప్పి, ‘విశేషము’ అని ముగించుట ఒక అలవాటు. వృక్షవిశేషము, పక్షివిశేషము, వాద్యవిశేషము అనునవి మన పెద్ద నిఘంటువులు తిరుగవేసిన ప్రతివారికిని పరిచితములే. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లో వెలువడినది. సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటము 1936లో వెలువడినది. కావ్యము చదువువానికి ఆ పద్ధతి చాలును. పద్యములో వచ్చినది ఒక చెట్టు అని తెలిసినచో అన్వయము కుదురును. ఆ చెట్టు నీడన నిలువవలసిన పని చదువరికి లేదు. కాని ఆ చెట్టు బెరడు తెచ్చి కషాయము కాచవలసిన వైద్యునికి వృక్షవిశేషమన్న మాట వలన ఏమి లాభము? తెలిసినవానికి అక్కరలేదు, తెలియనివానికి అందదు. ఇది నిఘంటుకారుని లోపమని నేననుట లేదు. ఆ మహాగ్రంథములు ఎవరి కొరకు పుట్టినవో వారికి చక్కగా ఉపకరించినవి. సి.పి. బ్రౌను 1852లో ప్రకటించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువునకు చదువరి వేరు. అర్జీలు చదివి, సాక్షుల మాట విని, తీర్పు చెప్పవలసిన ఇంగ్లీషు అధికారి కూడ దానిని తెరచును. కనుక వాడుకమాటలును ప్రయోగవాక్యములును అందు విరివిగా చోటు చేసికొన్నవి. చదువరి తరువాత ఏమి చేయనున్నాడో దానిని బట్టి వివరణము మారవలసియుండును.

పరదేశమున ఈ సంగతిని గట్టిగా పట్టుకొన్నవారిలో ఫ్రెంచి విద్వాంసుడు దిదెరో ముఖ్యుడు. ఆయన తండ్రి కత్తులు చేయు పనివాడు. 1751 నుండి 1772 వరకు వెలువడిన ఆయన విజ్ఞానసర్వస్వము 17 సంపుటముల పాఠము, 11 సంపుటముల చిత్రఫలకములు. చేతివృత్తుల వివరణ కొరకు పనిశాలలకు పోయి, పనివారిని ప్రశ్నించి, వారు చెప్పినది వ్రాసికొనుట ఆ గ్రంథ పద్ధతి. 1750లో వెలువరించిన ప్రకటనపత్రములో ఆయన ఒక చిక్కును చెప్పుకొన్నాడు. పనివారిలో తమ సాధనములను గూర్చి స్పష్టముగా చెప్పగలవారు వేయింటికి పండ్రెండుగురు దొరకుట కూడ కష్టమట. నలువది యేండ్లు ఒక యంత్రము ముందు కూర్చున్నవాడు సైతము దానిని మాటలలో పెట్టలేకపోయెనట. అందుచే కొన్ని యంత్రములను తెప్పించుకొని, తానే చేయి పెట్టి పని నేర్చుకొని, ఆ తరువాత వ్రాయవలసివచ్చినది. మేజోళ్ళు అల్లు యంత్రమును గూర్చి ఆయన వ్రాసిన వ్యాసము ఈ కష్టమునకు ప్రసిద్ధమైన ఫలము. పనిముట్టును చేసినవాడే దానిని అందరికంటె బాగుగా వివరింపగలడన్న నమ్మకము ఇచట చెదిరినది. చేసినవానికి అంతయు తెలియును. కనుకనే ఎదుటివానికి ఏది తెలియదో అది అతనికి తోచదు. నేటి కంప్యూటరు ఉపకరణములకు వివరణము వ్రాయువారు చాలవరకు వానిని నిర్మించినవారే యన్నది గుర్తుంచుకొనవలెను.

తెలుగున ఈ మార్గమున జరిగిన మహాప్రయత్నము భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తిపదకోశము. మొదటి సంపుటము వ్యవసాయము, 1962. రెండవ సంపుటము చేనేత, 1971. గ్రామములకు పరిశోధకులను పంపి, ప్రశ్నావళి ననుసరించి, పని చేయువారి నోటి నుండియే పదములు సేకరించిరి. గ్రంథములనుండి పదములు ఏరుట కాదు. పొలములో, మగ్గపు గుంటకడ వినుట. దీనివలన తేలిన సంగతులలో మన విషయమునకు రెండు ముఖ్యము. ఒకే పనిముట్టునకు సీమ కొక పేరు కలదు: కోస్తాలోను తెలంగాణములోను నాగలి అన్నదానిని రాయలసీమలో మడక యందురు. దీనికంటె చిక్కైనది రెండవది: ఒకే పేరు సీమ కొక పనిముట్టును చెప్పును. గొర్రు అన్న మాట విన్న ఒక ప్రాంతపు రైతునకు జడ్డిగముతో గింజలు జారవిడుచు విత్తెడి సాధనము స్ఫురించును. మరియొక ప్రాంతమున దున్నిన నేలలో గడ్డలు చితుకగొట్టు పండ్ల చట్రము స్ఫురించును. పేరు తెలియనివాడు అడుగును. పేరు తెలుసునని తలచినవాడు అడుగడు. తప్పు సామానుతో పొలమునకు పోవును. పేరొకటి వస్తువులు రెండు అయినచోట, వివరణము పనిని చెప్పవలెను, చోటును చెప్పవలెను, ఇది యేది కాదో కూడ చెప్పవలెను.

ఆ కోశమునకు క్షేత్రము ఆంధ్రప్రదేశ్ జిల్లాలు. హోసూరు, కోలారు, బళ్ళారి, షోలాపురము, బరంపురము, రాయగడల తెలుగు అందు చేరలేదు. షోలాపురములోని మన పద్మశాలీల నాడె, పన్నె, కండెలకు మరాఠీ మాటలు ఎన్ని వచ్చి చేరినవో చెప్పు సంపుటము వేరుగా రావలసియున్నది. ఈ వెలితిని గూర్చి వ్యాసాంతమున మరల ప్రస్తావించెదను.

కంప్యూటరు లోకమున ఉపకరణ వివరణమునకు ఒక రూపము ఏర్పరచిన ఘనత యూనిక్స్ వ్యవస్థను నిర్మించిన కెన్ థామ్సన్, డెన్నిస్ రిట్చీలకు చెల్లును. బెల్ పరిశోధనాలయమున వారు కూర్చిన మార్గదర్శిక మొదటి కూర్పు 1971 నవంబరు 3వ తేదీది. ప్రతి ఉపకరణమునకు పేరు, వాడు విధము, వివరణము, సంబంధించిన ఇతరములు, ఈ వరుసలో ఒక పుట. ఆ పుటలో ‘దోషములు’ అను శీర్షికయు నుండెను! అమ్మువాడు తన సరకులోని లోపమును తానే చెప్పుట అరుదు. ఇచట చేసినవారే ఫలానా సందర్భమున ఇది సరిగా నడువదని వ్రాసి పెట్టిరి. చిన్న శీర్షికయే గాని, వివరణ చరిత్రలో ఇది పెద్ద అడుగని నా అభిప్రాయము. అటు తరువాత వెబ్ సేవల వివరణకై డబ్ల్యుఎస్‌డిఎల్ అను భాష వచ్చినది. ఆ మీదట ఓపెన్ఏపీఐ అను పద్ధతి ప్రచారములోనికి వచ్చినది. వీనిలో యంత్రము చదువవలసినది సంఖ్యయా, అక్షరములా, తేదీయా అన్న ఆకారభాగము మాత్రమే. మామూలు వాక్యములలో నుండు భాగము ప్రోగ్రాము వ్రాయు మనుష్యుని కొరకు. అతడు దానిని చదువవచ్చును, చదువకపోవచ్చును. సందేహము కలిగినచో పక్కవానిని అడుగవచ్చును.

ఈ కట్టుబాటు 2022, 2023 సంవత్సరములలో తలక్రిందులైనది. 2022 అక్టోబరులో షున్యూ యావో మొదలగువారు ప్రకటించిన రియాక్ట్ అను పత్రము, భాషా నమూనా ఆలోచనను చేతను అంచెలంచెలుగా కలుపుకొని పోవు మార్గము చూపినది. 2023 ఫిబ్రవరిలో మెటా సంస్థవారి టూల్‌ఫార్మర్ వచ్చినది. 2023 జూనులో ఓపెన్ఏఐ సంస్థ తన నమూనాలకు ఉపకరణముల పేళ్ళను, వివరణములను అందించి పిలిపించు సౌకర్యమును అందరికి అందుబాటు చేసినది. అదే సంవత్సరము చైనాలోని చింగ్‌హ్వా విశ్వవిద్యాలయము వారు ప్రధానముగా జరిపిన టూల్ఎల్ఎల్ఎమ్ పరిశోధనలో 16,464 ఉపకరణములను ఒక్కచోట చేర్చిరి. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను ఉమ్మడి పద్ధతిని ప్రకటించిన పిదప, ఎవరు చేసిన ఉపకరణమునైనను ఎవరి ఏజెంటునకైనను తగిలించుట సులభమైనది. ఫలితమేమి? అంతవరకు మనుష్యుని కొరకు వ్రాసిన ఆ రెండు మూడు వాక్యములే యంత్రమునకు ఏకైక దారిదీపమైనవి. ఏ ప్రోగ్రామరో తొందరలో వ్రాసిపడవేసిన వాక్యము అధికారపత్రమైనది.

అయితే ఆ వాక్యములకు నిజముగా అంత బలము కలదా? 2023 ఆగస్టులో గూగుల్ సంస్థకు, వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన కొందరు దీనిని పరీక్షించిరి. అంతవరకు నమూనాలకు ఉపకరణమును నేర్పుటకు చేసి చూపిన ఉదాహరణలను ఇచ్చుట పరిపాటి. వారు ఉదాహరణలను తీసివేసి వివరణ పత్రములను మాత్రము ఇచ్చి చూచిరి. చక్కని వివరణము ఒక్కటియే ఉదాహరణలకు దీటుగా నిలిచినది. ఇట వివరణము యొక్క విలువ మొదటిసారి కొలతకు అందినట్లు నాకు తోచును.

కొలుచుటలో రెండు మార్గములు కలవు. ఒకటి, వివరణమును చదివి మార్కులు వేయుట: ప్రయోజనము చెప్పెనా, ఎప్పుడు వాడవలెనో, ఎప్పుడు వాడరాదో చెప్పెనా, అందింపవలసిన ప్రతి వివరమునకు అర్థము చెప్పెనా, పరిమితులు చెప్పెనా యని. రెండవది, ఏజెంటు చేతికి ఇచ్చి పని చేయించి చూచుట. తరగతి గదిలో ఇరువది యేండ్లు గడపినవానికి ఈ తేడా క్రొత్తది కాదు. ప్రశ్నాపత్రమును చదివి ‘చాల బాగున్నది’ అనుకొందుము. విద్యార్థులు వ్రాసిన సమాధానముల కట్ట విప్పినప్పుడు కదా, నాలుగవ ప్రశ్నను సగముమంది వేరొక విధముగా గ్రహించిరని తెలియును! ప్రశ్న దోషమా, పిల్లల దోషమా యని తేల్చుటకు ఉపాయమొక్కటే: ఆ ప్రశ్న మాటలు మాత్రము మార్చి, తక్కినదంతయు ఉన్నదున్నట్లుంచి, మరల అడిగి చూచుట. వివరణ పరీక్షకును ఇదియే ప్రాణము. ఏజెంటును, పనులను, తోడి ఉపకరణములను మార్చకుండ వివరణమును మాత్రము మార్చినప్పుడు వచ్చిన తేడాయే వివరణమునకు చెందును.

ఇట్లు తేలిన దృష్టాంతములు రెండింటిని ఆంత్రోపిక్ సంస్థవారే ప్రకటించిరి. వారి వెబ్ శోధన ఉపకరణమును వాడు నమూనా, అక్కర లేకున్నను ప్రతి శోధనకు చివర ‘2025’ అని చేర్చుచుండెను. దానివలన ఫలితములు పక్కదారి పట్టెను. లోపలి యంత్రమును ముట్టుకొనలేదు. వివరణమును సవరించినంతనే అది దారికి వచ్చెను. రెండవది దీనికి భిన్నము. ప్రోగ్రాములలో తప్పులు దిద్దు ఏజెంటు ఒక ఫోల్డరు నుండి మరియొక దానికి పోయిన పిమ్మట ఫైలు చిరునామాను తప్పుగా ఇచ్చుచుండెను. ‘ప్రక్కగది బీరువాలో’ అని చెప్పిన గుర్తు మనము గది మారిన తోడనే చెడిపోవును గదా, అట్టిది. అప్పుడు ఉపకరణమునే మార్చి, ఎల్లప్పుడును మూలము నుండి పూర్తి చిరునామా ఇచ్చి తీరవలెనని నియమము పెట్టిరి, తప్పులు ఆగినవి. పిడి సరిలేని గొడ్డలికి ఎంత చక్కని చీటీ కట్టినను లాభము లేదు. వివరణ పరీక్ష ఒక్కొక్కప్పుడు వివరణము నిర్దోషియని, పనిముట్టే దోషియని తీర్పు చెప్పును. ఆ తీర్పునకును సిద్ధపడి పరీక్షింపవలెను.

పరీక్షలో పనులు ఎట్టివై యుండవలెనన్నది తరువాతి చిక్కు. ఉన్న ఉపకరణములకు సరిపడు ప్రశ్నలే అడిగినచో అన్ని వివరణములును ఉత్తీర్ణములగును. 2024లో బర్కిలీ విశ్వవిద్యాలయమువారు ఏర్పరచిన పట్టికలో, ఇచ్చిన ఉపకరణములలో ఏదియు పనికిరాని ప్రశ్నలను కూడ చేర్చిరి. అచట ఏజెంటు దేనిని పట్టకుండుటయే సరియైన సమాధానము. ‘ఇది నా పని కాదు’ అని చెప్పగల వివరణముల విలువ ఇట్టి ప్రశ్నల యందే బయటపడును. ఒక్కమారు సఫలమైన మాత్రమున సంతోషింపరాదని చూపినది అదే సంవత్సరము సియెర్రా సంస్థవారు ప్రకటించిన టౌ-బెంచ్. నాటి శ్రేష్ఠ నమూనాలలో ఒకటియైన జీపీటీ-4ఓ దుకాణ వ్యవహారపు పనులలో, ఒకే పనిని ఎనిమిది మారులు ఇచ్చినప్పుడు ఎనిమిది మారులును సరిగా చేయుట నూటికి 25 కంటె తక్కువగా తేలినది. అది ఏజెంటును కొలిచిన కొలతయే గాని వివరణమును కొలిచినది కాదు. అయినను వివరణమును పరీక్షించువాడు ఒక్క ప్రయోగముతో తృప్తి పడరాదని దీనివలన స్పష్టము. ఆ అంకెలు 2024 నాటివి. తరువాతి నమూనాలు ముందునకు సాగినవి.

ఇంతవరకు వ్రాసినవాని అజ్ఞానమును, అజాగ్రత్తను మాత్రమే తలచితిమి. దురుద్దేశమును తలచలేదు. 2025 మేలో వెలువడిన ఒక పరిశోధనలో, ఉపకరణము పనిని ఏమాత్రము మార్చకుండ, దాని వివరణమును ఆకర్షకముగా సవరించినంత మాత్రమున కొన్ని నమూనాలు దానిని పది రెట్లకు మించి వాడినట్లు తేలినది. సంతలో కేకలు వేయు వర్తకుని దుకాణము ముందే జనము మూగినట్లు! ఈ ఒక్క ఫలితము మన గుణనిర్ణయమును చాల క్లిష్టము చేయుచున్నది. ఏజెంటు ఎక్కువగా ఎన్నుకొన్న వివరణమే మంచి వివరణమని కొలతబద్ద పెట్టుకొన్నచో, డంబములకు మార్కులు వేసినట్లగును. ఎన్నిక కాదు, ఎన్నుకొన్న తరువాత పని నెరవేరినదా యన్నది చూడవలెను. అంతకంటె ఘోరమైనది 2025 ఏప్రిలులో ఇన్వేరియంట్ ల్యాబ్స్ వారు బయటపెట్టిన మోసము. వివరణములో మనుష్యునికి తెరపై కనబడని చోట ‘ముందు ఫలానా రహస్య ఫైలు చదివి దీనికి అందింపుము’ అన్నట్టి ఆజ్ఞలు దాచవచ్చునని వారు చూపిరి. ఏజెంటు వివరణమును నమ్మును గాన ఆ ఆజ్ఞను పాటించును. నిఘంటువు చదువరిని దోచుకొనుట మన పెద్దలు కలలో నైన ఊహింపనిది.

2026లో వెలువడిన ఒక పరిశీలన ఈ రంగపు వాస్తవస్థితిని కొంత తెలుపుచున్నది. మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ ననుసరించు 103 సర్వర్లలోని 856 ఉపకరణముల వివరణములను వారు పరిశీలించిరి. ఇంచుమించు అన్నింటిలోను ఏదో ఒక లోపము. సగమునకు పైగా వానిలో ఉపకరణ ప్రయోజనమే స్పష్టముగా లేదు. లోపములు పూరించి వివరణములను పెంచగా పనుల సాఫల్యము కొంత పెరిగినది. కాని ఏజెంటు వేయు అడుగుల సంఖ్య కూడ చాల పెరిగినది, కొన్నిచోట్ల ఫలితము తగ్గినది. పొడవు గుణము కాదు. ఏజెంటు జ్ఞాపకములో పట్టు మాటలకు మితి కలదు. ఒక ఉపకరణము పుటలకు పుటలు ఆక్రమించినచో తక్కినవాని మాట దానికి ఆనదు.

ఇక మనవారి సంగతి. భూమి హక్కుపత్రములను తెచ్చియిచ్చు ఉపకరణము నొకదానిని ఊహింతము. దానికి ‘రైతు భూమి రికార్డులను ఇచ్చును’ అని ఏకవాక్య వివరణము వ్రాసినారనుకొందము. మార్కులు వేయువారు దీనిని తేటగా నున్నదందురు. ఇప్పుడు వాస్తవము చూడుడు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు అడుగునది అడంగలు, 1-బి. తమిళనాట అడుగునది పట్టా, అడంగలు. తెలంగాణములో పహాణీ, కర్ణాటకములోను పహణియే. మహారాష్ట్రములో సాత్‌బారా, అనగా గ్రామ లెక్కలలో 7, 12 సంఖ్యల పత్రములు. ఒడిశాలో పట్టా, ఖతియాన్. వృత్తిపదకోశములోని గొర్రు కథయే ఇచట భూమి కచ్చేరీలో పునరావృత్తమైనది: పేరొకటి, పత్రములు వేరు, ప్రభుత్వములు వేరు. హోసూరు దాపున నున్న తెలుగు రైతు తన భాషలో ‘మా నాయన పేరిట ఉండే అడంగలు కావాల’ అన్నాడనుకొనుడు. వాక్యము తెలుగు, అడంగలు ఆంధ్రలోను కలదు. రాష్ట్రపు టెల్ల చెప్పని వివరణమును చదివిన ఏజెంటు ఆంధ్రప్రదేశ్ ఉపకరణమును పట్టుటకు అన్ని కారణములును కలవు. ‘రికార్డు లభింపలేదు’ అను సమాధానము వచ్చును. రైతు దానికి ఏమి అర్థము చేసికొనును? తన పేరు లెక్కలలో లేదని! విజయవాడలోనో వరంగల్లులోనో నున్న తెలుగువానికి ఈ పొరపాటు జరుగుట అరుదు; అతని భాషయు రాష్ట్రమును ఒక్కటే. భాష ఒకటి, ప్రభుత్వము మరియొకటి అయిన మనకే ఈ సందున కాలు పడును.

యానాము సంగతి మరియు విచిత్రము. గోదావరీ తీరమున, చుట్టును ఆంధ్రప్రదేశ్ భూమి; ప్రజల భాష తెలుగు; పాలన పుదుచ్చేరిది. తపాలా పిన్‌కోడు 533464 మాత్రము ఆంధ్ర వరుసలోనిది. పిన్‌కోడును బట్టి రాష్ట్రమును నిర్ణయించు ఉపకరణమునకు యానాము ఆంధ్రలోనిదే. ఇట్టి ఉపకరణపు వివరణములో యూనిక్స్ వారి ‘దోషములు’ శీర్షిక వంటిది యుండి, ‘యానామునకు ఇది చెల్లదు’ అని ఒక్క వాక్యము వ్రాసినచో చిక్కు తీరును. ఆ వాక్యము వ్రాయవలెనని తోచుటకు వ్రాయువానికి యానాము అన్న ఊరు కలదని తెలియవలెను గదా.

కాలదోషము మరియొకటి. తెలంగాణములో 2020 అక్టోబరులో వచ్చిన ధరణికి మారుగా 2025 ఏప్రిలులో భూభారతి వచ్చినది. ధరణిని పేర్కొనుచు వ్రాసిన వివరణము ఆనాడు సత్యము, ఈనాడు అసత్యము. మాటలలో మార్పేమియు లేదు. అచ్చైన నిఘంటువునకు కూర్పు సంవత్సరము ముఖపత్రముననే యుండును. ఉపకరణ వివరణమునకు సరిచూచిన తేదీ వేయు నియమము ఇంకను స్థిరపడవలసియున్నది.

పరీక్షకు కావలసిన సామగ్రి యేదనగా మనుష్యులు నిజముగా పలుకు వాక్యములు. వ్రాసినవారు తమ వివరణములను తమ వాక్యములతోనే పరీక్షించుకొన్నంత కాలము అవి గెలుచుచునే యుండును. వృత్తిపదకోశమునకు పరిశోధకులు ఊరూర తిరిగి పదములు తెచ్చినట్లు, హోసూరు, కోలారు, షోలాపురము, బరంపురము, యానాముల నుండి వాక్యములు తేవలెను. ‘మాపటికి బస్సు ఉందా’ అన్న వాక్యములో మాపు సాయంకాలము. ఆ మాట ఎరుగని ఏజెంటు ఏ బస్సునకు టికెట్టు కొనునో చెప్పలేము. ఇట్టి వాక్యములు మన బడులలో పిల్లల నోట ప్రతిదినమును వినబడుచున్నవి. సరిహద్దు తెలుగు పాఠశాలలు ఒక్కొక్కటి నూరు వాక్యములు వ్రాసి పంపినను, అకాడమీ కోశమున వెలితిగా నున్న చోటు కొంత పూడును. ఉపకరణములు చేయువారికి పరీక్షాపత్రమును దొరకును. ప్రతి వాక్యమునకు ఎదురుగా ఏ ఉపకరణము పట్టవలెనో, దానికి ఏ వివరములు అందింపవలెనో వ్రాయవలెను. మాట్లాడినవాని ఊరు వాక్యములో లేనిచోట, ‘పట్టా’ అనియో ‘పహణి’ అనియో మాత్రమున్నచోట, ఏ ఉపకరణము పేరును వ్రాయరాదు. ‘ఏ రాష్ట్రమని అడుగవలెను’ అని వ్రాయవలెను.